తెర మీది ఓడ, ఓడలోని మనిషి

1912 ఏప్రిల్ 15వ తేదీ తెల్లవారుజామున అట్లాంటిక్ మహాసముద్రంలో మునిగిపోయిన టైటానిక్ ఓడను గురించి వచ్చినన్ని చలనచిత్రాలు మరి ఏ ఓడను గురించీ రాలేదు. వాటిలో మూడు పేరున్నవి. 1953లో జీన్ నెగులెస్కో దర్శకత్వంలో హాలీవుడ్ వారు తీసినది ఒకటి. వాల్టర్ లార్డ్ రాసిన గ్రంథాన్ని ఆధారం చేసుకొని 1958లో రాయ్ వార్డ్ బేకర్ ఇంగ్లండులో తీసినది రెండవది. మూడవది 1997లో జేమ్స్ కామెరాన్ తీసినది. అది చూడని ఇల్లు మన దీవిలో లేదు గనుక దాని కథ చెప్పనక్కరలేదు. ఈ వ్యాసంలో ఈ మూడు చిత్రాలనూ ఒక ఫిన్లాండు స్త్రీ పక్కన నిలబెట్టి చూడదలచాను. ఆమె పేరు ఆనా తుర్యా. ఆమె నటి కాదు, రచయిత్రి కాదు. ఆ ఓడలో మూడవ తరగతి ప్రయాణికురాలు. బతికి బయటపడింది. ఆ తరువాత డెబ్భై ఏళ్లు అమెరికాలో సంసారం చేసింది.

ఫిన్లాండు పశ్చిమ భాగంలో ఓస్ట్రోబోత్నియా అనే ప్రాంతం ఉంది. అమెరికాకు, కెనడాకు వలస వెళ్లిన ఫిన్లాండు వారిలో ఎక్కువమంది ఆ నేల నుంచి కదిలినవారే. అక్కడి ఓలాయినెన్ అనే ఊళ్లో ఆనా 1893లో పుట్టింది. ఇరవై ఒక్కరు పిల్లలున్న కుటుంబమని ఆమె సంతతివారు చెపుతారు. అంతమందికి భూమి ఎక్కడ సరిపోతుంది? అక్కాబావలు అప్పటికే అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని ఆష్టబ్యూలా అనే రేవు ఊళ్లో ఉన్నారు. వారి దగ్గర పని చేసుకోవచ్చునని పద్దెనిమిదేళ్ల వయసులో బయలుదేరింది. ఆ రోజుల్లో ఫిన్లాండు నుంచి వెళ్లేవారి దారి ఒక్కటే: హాంకో రేవులో చిన్న ఓడ ఎక్కి ఇంగ్లండులోని హల్ పట్టణం చేరడం, అక్కడి నుంచి రైలులో పెద్ద ఓడ ఉన్న రేవుకు పోవడం. ఆ విధంగా సౌతాంప్టన్ చేరి టైటానిక్ ఎక్కిన ఫిన్లాండు వారు అరవై మందికి పైగా ఉన్నారు. ఒడ్డు చేరినవారు ఇరవై మంది. అందులో ఆనా ఒకతె.

ఆష్టబ్యూలాలో ఆమె బావగారి తోడబుట్టినవాడైన ఎమిల్ లుండిని పెళ్లాడింది. అక్కాచెల్లెళ్లు ఒకే ఇంటికి తోడికోడళ్లుగా వెళ్లడం మన ఇళ్లలోనూ ఎరిగినదే. ఏడుగురు పిల్లలను కన్నది. ఇంగ్లీషు పెద్దగా రాలేదు. ఏటేటా ఏప్రిల్ నెలలో పత్రికలవారు ఇంటికి వచ్చి ఆ రాత్రి సంగతి అడిగేవారు. ఆమె ఫిన్నిష్ భాషలో చెపితే కొడుకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాడు. 1982లో ఎనభై తొమ్మిదేళ్ల వయసులో కాలిఫోర్నియాలో కన్ను మూసింది. కుటుంబమే లోకంగా, దైవభక్తితో బతికిన తల్లి అని ఆమెను గురించి రాస్తారు. అది అబద్ధం కాదు. కాని అది ఆమె జీవితానికి విమర్శగా గాని, వివరణగా గాని సరిపోతుందా అన్నదే నా సందేహం.

ఇక ఆమె కుటుంబంవారు చెప్పుకునే ఒక చిన్న సంగతి. 1953లో ఆ చిత్రం విడుదలైనప్పుడు ఆమెను ప్రత్యేకంగా పిలిచి చూపించారు. అంతకు ముందు ఆమె సినిమా అనేది చూసి ఎరగదట. ఆట ముగిసిన తరువాత, చిత్రంలో చూపినది నిజంగా జరిగినట్టే ఉందా అని పత్రికలవారు అడిగారు. దానికి ఆమె ఎదురు ప్రశ్న వేసింది: సినిమా తీయగలిగినంత దగ్గరగా ఉన్నవాళ్లు, వచ్చి మనుషులను ఎందుకు ఆదుకోలేదు?

ఇది నవ్వించే ముచ్చటగా ప్రచారంలో ఉంది. తెర మీది బొమ్మకూ నిజానికీ తేడా తెలియని పల్లెటూరి ముసలమ్మ అని వినేవారు నవ్వుకుంటారు. ప్రేమగానే నవ్వుకుంటారు, సందేహం లేదు. మన ఇళ్లలో కూడా అవ్వలను గురించి ఇటువంటి ముచ్చట్లు ఎన్ని లేవు! రేడియో పెట్టెలో మనిషి ఎక్కడున్నాడని వెతికిన అవ్వ కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. కాని ఈ ముచ్చటను రెండవసారి విని చూడండి. ఓడ మునుగుతున్నప్పుడు చూస్తూ ఉన్నదెవరు, వచ్చి ఆదుకోనిదెవరు అన్నది ఆ ప్రశ్న. న్యూయార్క్, లండన్ పత్రికల సినిమా విమర్శకులు ఆ చిత్రాన్ని గురించి రాసినదంతా ఒక ఎత్తు, ఈ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు.

ముందుగా ఆ అమాయకత్వం సంగతి తేల్చవలసి ఉంది. ఫిన్లాండులో లూథరన్ చర్చి నియమం ప్రకారం చదవడం వచ్చి, ధర్మప్రశ్నోత్తరాలు అప్పజెప్పగలిగితే గాని పెళ్లి చేసేవారు కాదు. పల్లె పల్లెకూ పాదిరి వచ్చి ఆడా మగా అందరి చేతా చదివించి పరీక్షించేవాడు. ఆ దేశంలో స్త్రీలకు 1906లోనే ఓటు హక్కు వచ్చింది. 1907 ఎన్నికలలో పందొమ్మిది మంది స్త్రీలు శాసనసభకు ఎన్నికయ్యారు. అమెరికా దేశం మొత్తానికి స్త్రీలకు ఓటు వచ్చింది 1920లో. అంటే ఆనా తుర్యా ఓడ దిగినప్పుడు, తాను వదలి వచ్చిన దేశంలో ఆడదానికి ఉన్న హక్కు, చేరిన దేశంలో ఎక్కువ రాష్ట్రాలలో లేదు. అమెరికాలోని ఫిన్లాండు స్త్రీలు 1911 నుంచి తమ కోసం తమ భాషలో తోవెరితార్ అనే పత్రికను నడుపుకున్నారు. ఇంటిపనులకు కుదిరే ఆడపిల్లలు అది తెప్పించుకొని చదివేవారు. ఆనా ఆ పత్రిక చదివేదని నేను అనడం లేదు. ఇటువంటి సమాజంలో నుంచి వచ్చిన మనిషిని, ఇంగ్లీషు రాలేదన్న ఒక్క కారణం చేత, ఏమీ తెలియనిదని లెక్కగట్టకూడదని మాత్రమే అంటున్నాను.

ఇంగ్లీషు రాకపోవడం గురించి మరొక మాట. ఆష్టబ్యూలా ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న రేవు. సుపీరియర్ సరస్సు ప్రాంతపు గనుల నుంచి ఇనుప ఖనిజం ఓడల మీద అక్కడికి వచ్చి, అక్కడి నుంచి రైళ్ల మీద ఉక్కు కొలిమిలకు పోయేది. ఆ రేవులో సరుకు దింపే పనికి ఫిన్లాండు వారు గుంపులుగా చేరారు. వారి చర్చి, వారి సంఘ మందిరాలు, వారి దుకాణాలు వారివే. అక్కడ ఇల్లు నడిపే స్త్రీకి ఇంగ్లీషు లేకుండా రోజు గడిచేది. ఏడుగురు పిల్లల చేత తన భాష మాట్లాడించగలిగిన తల్లిని, ఇంగ్లీషు నేర్వలేని తల్లి అని రాయడం ఒక పద్ధతి. అదే వాక్యాన్ని అటు తిప్పి కూడా రాయవచ్చును గదా. మనుమలకు క్రియోల్ మాత్రమే వచ్చిన మన ఇళ్లలో ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఆమె చూసిన చిత్రం. దాని రచనకు ఆస్కార్ బహుమానం వచ్చింది. ఆ బహుమానం అన్యాయమని నేననను. సంభాషణలు పదునైనవి. క్లిఫ్టన్ వెబ్, బార్బరా స్టాన్విక్ ఇద్దరూ గొప్పగా నటించారు. కథ ఇది: జూలియా అనే అమెరికన్ స్త్రీ, యూరప్‌లో డాబుసరి జీవితం మరిగిన భర్తను వదలి, కూతురినీ కొడుకునూ తీసుకొని తన పుట్టిన ఊరికి పోతున్నది. పిల్లలు నిజాయితీగల మామూలు మనుషులుగా పెరగాలని ఆమె ఆశ. ఆ ఊరు మిషిగన్ రాష్ట్రంలోని మాకినాక్. భర్త ఆ సంగతి తెలిసి వెంటపడతాడు. మొదటి తరగతిలో చోటు లేదు. అందుకని మూడవ తరగతిలో భార్యాబిడ్డలతో వెళ్లబోతున్న బాస్క్ దేశపు వలస కాపు దగ్గర అతని టిక్కెట్టు డబ్బిచ్చి కొంటాడు. ఆ కాపు ఒడ్డున ఉండిపోతాడు. అతని భార్య, పిల్లలు ఓడలో వెళతారు. ఇక అక్కడి నుంచి రెండు వంతుల కథ మొదటి తరగతి గదులలోనే: పిల్లలు ఎవరికి చెందాలి, కొడుకు నిజంగా ఎవరి కొడుకు, తండ్రి అతన్ని దగ్గరకు తీస్తాడా లేదా.

మంచి సంసార నాటకమే. కాని ఎక్కడ పెట్టి ఆడారో చూడండి. మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగం రాగి గనుల, ఇనుప గనుల ప్రాంతం. అమెరికాలో ఫిన్లాండు వారి గుండెకాయ వంటిది. పిల్లలను మిషిగన్ చేర్చి మామూలు మనుషులుగా పెంచాలన్న కోరికతో ఆ కాలంలో అట్లాంటిక్ దాటిన తల్లులు వందలూ వేలూ ఉన్నారు. వారందరూ మూడవ తరగతిలో ప్రయాణించారు. చిత్ర రచయితలు ఆ కోరికను తీసుకొని, పట్టు గౌను తొడిగి, పై అంతస్తులో కూర్చోబెట్టారు. వలస తల్లి గుండెను శ్రీమంతురాలికి అప్పిచ్చారన్నమాట. నిజమైన వలస తల్లికి, అంటే ఆ బాస్క్ కాపు భార్యకు, చిత్రంలో మిగిలినది ఏమిటి? చివర్లో క్లిఫ్టన్ వెబ్ కింది అంతస్తుకు దిగి ఆమెనూ పిల్లలనూ పడవ దాకా తీసుకొస్తాడు. టిక్కెట్టు కొన్నందుకు రుణం తీర్చుకుంటాడు, మనకు అతని మీద జాలి పుడుతుంది. ఆమె అతనికి పుణ్యం వచ్చే సాధనం. తనంతట తాను ఒక్క నిర్ణయమైనా చేసే అవకాశం ఆ కథ ఆమెకు ఇవ్వలేదు.

ఈ టిక్కెట్టు సంగతి నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. నలభై నాలుగేళ్ల తరువాత వచ్చిన కామెరాన్ చిత్రంలో కథానాయకుడు ఓడ ఎలా ఎక్కుతాడు? సౌతాంప్టన్‌లో పేకాటలో స్వీడన్ దేశపు వలస కుర్రవాళ్ల టిక్కెట్లు గెలుచుకొని. అక్కడా ఇక్కడా ఒకటే ఎత్తు. వలసవాడి టిక్కెట్టు కథానాయకుడి చేతికి వస్తేనే కథ కదులుతుంది. వలసవాడు ఒడ్డున దిగిపోవాలి. డబ్బుకో, పేకముక్కకో అతని కథ చేతులు మారుతుంది. ఇద్దరు దర్శకులూ కూడబలుక్కుని చేసిన పని కాదు. మూడవ తరగతి టిక్కెట్టు మీద వాళ్ల కళ్లకు కనపడిన విలువ అంతే.

ఆ ఓడలో నిజంగా ఉన్న ఒక తల్లిని ఇప్పుడు తలచుకోవాలి. ఆమెదీ ఫిన్లాండే. ఊరు యూలిహార్మా. పేరు మారియా పానులా. వయసు నలభై ఒకటి. భర్త పెన్సిల్వేనియాలోని కోల్ సెంటర్ అనే ఊళ్లో ఉన్నాడు. అయిదుగురు కొడుకులను వెంటపెట్టుకొని అతని దగ్గరికి బయలుదేరింది. పెద్దవాడికి పదహారు. చివరివాడు ఏడాది దాటిన చంటిపిల్లవాడు. ఆరుగురిలో ఒక్కరూ మిగలలేదు.

సినిమాలలో ‘ఆడవారు, పిల్లలు ముందు’ అనే కేక ఘనంగా వినిపిస్తుంది. బ్రిటిష్ విచారణ సంఘం తన నివేదికలో వేసిన లెక్క చూడండి. మొదటి తరగతి స్త్రీలు 144 మంది, బతికినవారు 140. మూడవ తరగతి స్త్రీలు 165 మంది, బతికినవారు 76. మూడవ తరగతి పిల్లలు 79 మంది, బతికినవారు 27. ఆ కేక కింది అంతస్తులకు చేరేసరికి ఎంత సన్నగిల్లిందో ఈ అంకెలు చెపుతాయి. కేక చేరినా ఒక చిక్కుంది. ఓడ ఎడమ వైపున ఉన్న అధికారి ఆ ఆజ్ఞను కఠినంగా పాటించాడు. మొదటి తరగతిలోని పదమూడేళ్ల పిల్లవాడిని సైతం పెద్దవాడివంటూ ఆపబోయాడు. తండ్రి వాదిస్తే గాని వదలలేదు. మరి పదహారేళ్లవాడిని, పద్నాలుగేళ్లు దాటినవాడిని వెంటపెట్టుకొన్న మారియా పరిస్థితి ఏమిటి? పడవలో ఎక్కవలసి వస్తే ఎవరిని వదలి, ఎవరిని ఎత్తుకొని ఎక్కాలి? ఇంగ్లీషు రాని తల్లి ఎవరితో వాదించాలి?

నెగులెస్కో చిత్రంలో ఇదే ఘట్టం ఉంది. చిన్న కొడుకు నార్మన్ పడవలో తల్లి పక్కన కూర్చొని ఉంటాడు. వేరొక స్త్రీకి చోటిచ్చి తనంతట తానే దిగి తండ్రి దగ్గరికి పోతాడు. తండ్రీకొడుకులు చేయి చేయి పట్టుకొని ప్రార్థనాగీతం పాడుతూ మునిగిపోతారు. హాలులో కన్ను చెమర్చని వారుండరు. నాకూ చెమర్చింది, దాచడమెందుకు. కాని ఆ కన్నీరు ఎంపిక ఉన్నవాడి ఎంపికకు కార్చిన కన్నీరు. ఎంపికే లేనిచోట ఆ నాటకం నడవదు. కనుకనే మారియా పానులా కథ హాలీవుడ్‌కు పనికిరాలేదు. అందులో త్యాగం చేసేందుకు ఎవరి చేతిలోనూ చోటు లేదు.

ఆ రాత్రి ఆమె ఏమి చేసిందో, ఎవరిని అడిగిందో కనుక్కునే వ్యవహారం ఎలా జరిగింది? అమెరికా సెనేట్ వేసిన విచారణ సంఘం ఎనభై మందికి పైగా సాక్షులను విచారించింది. అందులో మూడవ తరగతి ప్రయాణికులు ముగ్గురంటే ముగ్గురు. ముగ్గురూ మగవారు. లార్డ్ మెర్సీ అధ్యక్షతన లండన్‌లో జరిగిన విచారణలో మూడవ తరగతి ప్రయాణికుడు ఒక్కడు కూడా సాక్షి బోను ఎక్కలేదు. కింది అంతస్తువారి పట్ల భేదం చూపలేదని మాత్రం ఆ నివేదికలో రాశారు. ఎవరిని అడిగి రాశారు? ఆనా తుర్యా అప్పటికి ఆష్టబ్యూలా చేరి బతికే ఉన్నది. పిలిస్తే, ఒక దుబాసీని పెట్టుకుంటే, చెప్పగలిగేది. ఆమెను అడగడం పత్రికలవారి వంతు అయింది. అదీ ఏప్రిల్ నెలకొకసారి, ఒకే ఒక రాత్రిని గురించి.

మారియా చిన్న కొడుకు పేరు ఎయినో. ప్రపంచం ఒకప్పుడు అతని కోసం అయిదేళ్లు ఏడ్చింది. ఆ సంగతి విచిత్రమైనది. ప్రమాదం జరిగిన తరువాత మాకే-బెన్నెట్ అనే ఓడ శవాలను వెతుకుతూ ఒక పసివాడి దేహాన్ని పైకి తీసింది. ఎవరి బిడ్డో తెలియలేదు. నావికులు చందాలు వేసుకొని కెనడాలోని హాలిఫాక్స్‌లో సమాధి కట్టించారు. దాని పేరు ‘తెలియని బిడ్డ’. తొంభై ఏళ్ల తరువాత 2002లో శాస్త్రజ్ఞులు రక్తసంబంధపు పరీక్ష చేసి అది ఎయినో పానులా అని ప్రకటించారు. అదే ఏడాది ఆ బిడ్డ బూట్లు అక్కడి మారిటైమ్ మ్యూజియంకు చేరాయి. శవాల బట్టలను కాల్చివేయమన్నప్పుడు కాపలా ఉన్న పోలీసు ఉద్యోగి మనసొప్పక దాచిన బూట్లవి. ఆ బూట్లు పదమూడు నెలల బిడ్డకు పెద్దవి. దానితో అనుమానం వచ్చి మళ్లీ పరీక్షించారు. 2007లో ఆ బిడ్డ ఇంగ్లండుకు చెందిన సిడ్నీ గుడ్విన్ అని తేలింది. అతని తల్లిదండ్రులు, ఆరుగురు పిల్లలు, ఎనిమిది మందీ మూడవ తరగతిలోనే పోయారు.

శాస్త్రం తన తప్పు తాను దిద్దుకొంది, సంతోషం. కాని ఆ అయిదేళ్లలో ఆ వార్తను రాసిన తీరు చూస్తే, ఆ సమాధిని చూడడానికి వచ్చినవారికి ఒక బిడ్డ కావలసి వచ్చాడు గాని ఒక తల్లి కావలసి రాలేదని తోస్తుంది. మారియా పేరు బిడ్డ పేరు వెనుక నీడగా వచ్చింది, బిడ్డ పేరు మారగానే నీడ కూడా తొలగిపోయింది. ఆమె మిగిలిన నలుగురు కొడుకుల పేర్లు ఎర్నెస్టి, యాకో, యుహా, ఉర్హో. ఈ పేర్లను మన అక్షరాలలో ఒకసారి రాసి ఉంచాలనిపించింది.

మళ్లీ ఆనా దగ్గరికి వస్తాను. ఆమె కుటుంబం దాచిన మాట మరొకటి ఉంది. అంతమంది ధనవంతులు మునిగిపోగా ఒక పేద ఫిన్లాండు పిల్లను దేవుడు ఎందుకు కాపాడాడో తనకు ఎప్పటికీ అంతుబట్టలేదని ఆమె అనేదట. దీనిని భక్తికి, వినయానికి తార్కాణంగా ఎత్తి చూపుతారు. భక్తి ఉన్నమాట నిజమే. నాకు మాత్రం ఇందులో లెక్క కనపడుతున్నది. ధనవంతులు బతుకుతారు, పేదలు పోతారు అన్నది ఆమెకు తెలిసిన లోకం. ఆ రాత్రి తన విషయంలో లోకం లెక్క తప్పింది. ఎందుకు తప్పిందని డెబ్భై ఏళ్లు ఆలోచించిన మనిషి ఆమె. ఇంట్లో వంట చేస్తూ, ఏడుగురిని పెంచుతూ ఆలోచించింది. కుటుంబానికి అంకితమైన జీవితం అని మనం ఒక మాటలో ముడివేసి పక్కన పెట్టే జీవితంలో ఇటువంటి ఆలోచన పట్టేటంత చోటు ఉంటుందని మనకు స్ఫురించదు.

మన సభల వార్షిక సంచికలు తిరగేసినప్పుడల్లా ఈ బెడద నాకు కనపడుతుంది. తాతను గురించి అయితే ఏ ఎస్టేటులో పని చేశాడు, ఎప్పుడు సర్దారుతో గొడవపడ్డాడు, రామమందిరానికి ఎన్ని రాళ్లు మోశాడు అని రాస్తాము. అవ్వ దగ్గరికి వచ్చేసరికి ‘ఉత్తమ ఇల్లాలు, ఎనిమిది మంది సంతానం’ అని ముగిస్తాము. ఆ తల్లి పేరు కూడా కొన్ని వ్యాసాలలో ఉండదు. ఇమిగ్రేషన్ రిజిస్టర్లలో ఆడవారికి కూడా ఒక నంబరు, ఊరు, తండ్రి పేరు రాసి ఉన్నాయి. మన రాతల కంటే దొరల గుమాస్తా రాతలో ఎక్కువ వివరం ఉండడం సిగ్గుచేటు గదా. 1843లో కోరంగి రేవు నుంచి వచ్చిన ఓడ పేరు మన పిల్లలకు పాఠంగా చెపుతాము. ఆ రేవు వదలిన ఆడదాని ప్రశ్న ఒక్కటైనా చెప్పగలమా?

ఓడ కష్టం మనవారికి కొత్త కాదు. 1856లో హైదరీ, ఫతే ముబారక్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి మారిషస్ వచ్చాయి. ఓడలో కలరా ఉన్నదని ప్రయాణికులను మన ఉత్తర తీరానికి ఎదుట ఉన్న గాబ్రియేల్ దీవిలో దించి వదలివేశారు. వందల మంది అక్కడే చనిపోయారు. ఆ దీవి నుంచి చూస్తే మన ఒడ్డు కనపడుతుంది. ఒడ్డు నుంచి చూస్తే ఆ దీవి కనపడుతుంది. దాని మీద ఎవరూ ఏ హాలీవుడ్ చిత్రమూ తీయలేదు. తీయకపోవడమే మేలేమో. తీస్తే అక్కడ కూడా ఒక డాక్టరు దొర కథానాయకుడవుతాడు.

మిగిలిన రెండు చిత్రాలను గురించి నా అభిప్రాయం క్లుప్తంగా చెపుతాను. కామెరాన్ చిత్రంలో మూడవ తరగతివారు నవ్వుతారు, తాగుతారు, చిందులేస్తారు. పైవారి కన్నా కిందివారిలోనే ప్రాణం ఉన్నదని చూపడం ఆయన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కాని పేదవాడు ఎప్పుడూ ఉత్సాహంగా ఉండాలన్న నిర్బంధం కూడా ఒక రకం చిన్నచూపే. అయినా ఆ చిత్రంలో ఒక్క క్షణం ఉంది. నీళ్లు వస్తున్నాయని తెలిసి ఒక ఐర్లండు తల్లి ఇద్దరు పిల్లలను పక్కలో పడుకోబెట్టి తమ దేశపు పాత కథ చెపుతూ నిద్రపుచ్చుతుంది. ఆ తల్లికి పేరు లేదు. మూడు గంటలకు పైగా సాగే ఆ చిత్రంలో నాకు గుర్తుండేది ఆ ఒక్క ముక్కే. ఆమె ఏ భాషలో, ఏ మాటలలో కథ చెప్పిందన్న దానికి దర్శకుడు ఇంకొంచెం సేపు కెమెరా నిలిపి ఉంటే బాగుండేది.

మూడింటిలో ఉత్తమమైనది 1958 నాటిదే. అందులో పాటల హంగు లేదు, ప్రేమకథ లేదు. మూసిన ఇనుప తలుపుల దగ్గర మూడవ తరగతి జనం గుమిగూడడం, దారి తెలియక నడవాలలో తిరగడం సూటిగా చూపారు. ఫిన్లాండు వారు అందులోనూ కనపడరు. కాని ఆ చిత్రంలో వేరొక ఓడ ఉంది. దాని పేరు కాలిఫోర్నియన్.

టైటానిక్ మునుగుతున్న చోటికి కొద్ది మైళ్ల దూరంలో ఆ ఓడ మంచుగడ్డల మధ్య ఆగి ఉంది. దాని వైర్‌లెస్ ఉద్యోగి పని ముగించి పడుకున్నాడు. పైన కాపలా ఉన్న అధికారులు ఆకాశంలోకి లేచిన రాకెట్లు చూశారు. ఎనిమిది లెక్కపెట్టారు. కెప్టెన్‌కు చెప్పారు. దూరాన ఉన్న ఆ ఓడ దీపాలు వంకరగా ఉన్నాయేమిటని తమలో తాము మాట్లాడుకున్నారు. నిద్రపోతున్న వైర్‌లెస్ ఉద్యోగిని తెల్లవారే దాకా ఎవరూ లేపలేదు. సహాయానికి వెళ్లి ఉంటే చాలామందిని కాపాడగలిగేదని లార్డ్ మెర్సీ తన నివేదికలో ఆ ఓడను తప్పుపట్టాడు. ఆ నిర్ణయం న్యాయమైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

చూడగలిగినంత దగ్గరగా ఉన్నవాళ్లు ఎందుకు ఆదుకోలేదన్న ఆనా తుర్యా ప్రశ్న ఇదే. ఆష్టబ్యూలాలో ఆమెకు చూపిన చిత్రంలో దానికి జవాబు లేదు. జవాబు వెతికిన చిత్రం అయిదేళ్ల తరువాత వచ్చింది.